అద్దం పట్టుకున్నవాళ్లు అడిగితే

లోపల లెక్కల మాస్టారు మొదలుపెట్టేశారు. తలుపు మూసే ఉంది, అయినా ఆ గొంతుకు తలుపొక లెక్కా, ఉద్యోగమంతా వెనక బెంచీ దాకా వినపడేలా ఎక్కాలు చెప్పిన గొంతు, రిటైరయ్యాక కౌన్సెలింగ్ నేర్చుకుందామని వచ్చి ఇప్పుడు ఎవరో రాసిన పరిశోధన పేపరును బోర్డు దగ్గర నిలబెట్టి ప్రశ్నలడుగుతోంది. ఆయన తర్వాత పార్లరక్క వంతు. క్లాసులో వయసైనవాళ్లు ఇద్దరే కావడంతో ఆయన లెక్కల మాస్టారూ, బ్యూటీ పార్లర్ నడిపే ఈవిడ పార్లరక్కా అయి కూర్చున్నారు. చివరికి పొద్దున పరీక్ష చెయ్యడానికి బయటినుంచి వచ్చిన పెద్దమనిషి కూడా "పార్లరక్క గారెవరండీ" అని అడిగేశాడు. వరండాలో బెంచీ మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని, సంచీ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది పార్లరక్క. సంచీలో రెండు కాగితాల కట్టలున్నాయి. జుట్టు పాయలు తీసి పట్టి ఉంచే క్లిప్పులే వాటికీ పెట్టింది, ఒకదానికి ఎర్రది, ఒకదానికి నీలంది. రెండూ ఒకే పేపరు మీద తను రాసిన విమర్శలే, రెండూ తన చేతిరాతే, కానీ రెండూ ఒకే మనిషి రాసినట్టుండవు. ఎర్రది ఉన్నదున్నట్టు చెప్తుంది. నీలంది మర్యాద చేస్తుంది. ఆ తలుపు తెరుచుకునేలోగా ఏది చదవాలో తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ పేపరు రాసిన మనిషి లోపల మొదటి వరుసలోనే కూర్చుని ఉంది, ఆవిడ మరెవరో కాదు, తనని చెయ్యి పట్టుకుని ఈ చదువులోకి తీసుకొచ్చిన మేడమే.

వరండా చివర నీళ్ల కూలర్ దగ్గర గుమాస్తా గ్లాసు కడుక్కుంటున్నాడు, పాపం రంగు వేసుకుని చాలా రోజులైనట్టుంది, కుదుళ్ల దగ్గర తెల్లగా బయటపడుతోంది, ఇంట్లో వేసుకుంటే అంతే, వెనకవైపు అందదు. ఎవరిని చూసినా ముందు జుట్టే కనపడుతుంది, ఏం చెయ్యను అనుకుంది, కౌన్సెలర్‌నయ్యాక కూడా వచ్చినవాళ్ల బాధ కన్నా ముందు చీలిన వెంట్రుకలు కనపడతాయేమో. మేడమ్‌ను మొదటిసారి చూసినప్పుడూ అంతే. మొహం గుర్తులేదు కానీ ఒత్తయిన జుట్టు, మధ్యపాపిడి, వెనక్కి లాగి కట్టేసిన పద్ధతి గుర్తున్నాయి, ఇంత జుట్టు పెట్టుకుని ఇలా బంధించేసుకున్నారేంటండీ అనబోయి ఆగింది. ఆ రోజు పక్క కుర్చీలో ఇంకో ఆవిడ ఉంది, భర్త పోయాక మొదటిసారి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది, సగంలో ఉండగా ఏడుపు వచ్చేసింది. పార్లరక్క కత్తెర పక్కన పెట్టి, ఏమీ అనకుండా, కుర్చీని అద్దం వైపు నుంచి గోడ వైపుకు తిప్పింది, భుజం మీద చెయ్యి వేసి అలా నిలబడింది, అంతే. ఆవిడ వెళ్లాక మేడమ్ అడిగారు, "కుర్చీ ఎందుకు తిప్పారు?" అని. "ఏడుస్తున్నప్పుడు మన మొహం మనకి చూసుకోవాలని ఉంటుందాండీ?" అంది తను. "ఇది మీకు వచ్చు. ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచెయ్యదో కూడా తెలుసుకుంటే బావుంటుంది. మా కౌన్సెలింగ్ సెంటర్‌కి రండి, నేర్పుతాను" అన్నారు. ఎంత మాట! ఆ సంతోషంలోనే మేడమ్ ముందు జుట్టును నుదుటి మీదికి పడేలా కత్తిరించింది, మొహం నిండుగా ఉంటుందండీ అని ఒప్పించి మరీ. పనయ్యాక అలవాటు ప్రకారం చిన్న అద్దం తీసుకుని తల వెనక పట్టుకుని, "బావుందా మేడమ్?" అంది. "చాలా బావుంది" అన్నారావిడ. తను చేసిన వాటిలో ఎన్నదగ్గ కటింగ్ అది, ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెప్పుకుంటుంది.

ఇక చదువు. అబ్బో, ఆ మొదటి నెలలు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ అప్పుడు ఏడుపొక్కటే తక్కువ. వినడం ఎలాగో, మౌనంగా ఉండడం ఎలాగో చెప్పే క్లాసుల్లో తనదే పైచెయ్యి, మాస్టారికి సందు దొరికితే చాలు సలహా ఇచ్చేస్తారు, ఆయన్ని ఆపడానికి క్లాసంతా నోటిమీద వేలేసుకుని సైగ చేసేది. కానీ పరిశోధనలు చదవడం మొదలయ్యేసరికి కథ తిరగబడింది. ఫలానా కౌన్సెలింగ్ పద్ధతి మేలు చేస్తుందని అచ్చులో ఉందంటే నిజమే కదా, అచ్చు వేసినవాళ్లకి తెలియదా? అలా అనుకునే మనిషి తను. మేడమ్ ఏం చేసేవారంటే, క్లాసులో పంచే ప్రతి పేపరు మీదా రాసినవాళ్ల పేర్లూ, వాళ్ల సంస్థ పేరూ కనపడకుండా తెల్ల కాగితం ముక్కలు అంటించి ఇచ్చేవారు. ఎందుకు మేడమ్ అంటే, "పేరు కనపడితే మన కళ్లు దణ్ణం పెట్టుకుంటాయి, చదవవు" అన్నారు. తెల్ల ముక్కల్ని గోటితో గీకి వెలుతురుకు పెట్టి చూసే ఘనులూ ఉన్నారు క్లాసులో. తను మాత్రం ఎప్పుడూ గీకలేదు. అయినా పేరు చూసి తనకి అర్థమయ్యేదేముంది, సినిమా తారలా ఏమన్నానా.

మొదటిసారి విమర్శ రాయమన్నప్పుడు మాత్రం తప్పులో కాలేసింది. విమర్శంటే తిట్టడమే అనుకుంది. కొత్త కోడలి వంటకి పేర్లు పెట్టే అత్తగారిలా మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఏకిపారేసింది, మనుషులు చాలరంది, భాష బాలేదంది, పట్టికలు గజిబిజిగా ఉన్నాయంది, ఆఖరికి అచ్చుతప్పులు కూడా వదల్లేదు. మేడమ్ దాన్ని చదివి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "పేపరంతా చెడ్డదేనా? ఇన్ని వంకల్లో ఏ వంక వల్ల ఫలితం మారిపోతుంది? అచ్చుతప్పు వల్ల మారుతుందా?" అన్నారు. మారదు. "వంకలు పెట్టడం ఎవరైనా చేస్తారమ్మా. ఇది చదివాక మనకి తెలిసిందెంత, తెలియకుండా మిగిలిందెంత, అది చెప్పు చాలు." ఇంటికెళ్లి అలిగి పడుకుంది, నిజం చెప్పాలంటే అన్నం కూడా తినలేదు. ఆ కూర్చోబెట్టి మాట్లాడిన రోజునుంచే మేడమ్ మీరు అనడం మానేసి నువ్వు అన్నారు, అది గుర్తొచ్చాక లేచి తింది.

ఆ తర్వాత పట్టుబడింది. ఎలా పట్టుబడిందంటే, తలనూనె వల్ల. కాన్పయిన ఆడవాళ్లకి కొన్నాళ్లు జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది, భయపడి పార్లర్‌కి వస్తారు, పార్లరక్క తను స్వయంగా కాచిన నూనె ఇస్తుంది, కొన్ని నెలలకి జుట్టు మళ్లీ వచ్చేస్తుంది, అక్కా నీ చెయ్యి బంగారం అంటారు. ఇన్నేళ్లూ తనూ అదే అనుకుంది, చెయ్యి బంగారమని. ఒకరోజు క్లాసులో మేడమ్ పోలిక బృందం గురించి చెప్తున్నారు, అంటే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లని, అలాంటి బాధే ఉండి ఇంకా తీసుకోనివాళ్లతో పోల్చి చూడాలని, కాలం గడిస్తే బాధ తనంతట తనే తగ్గొచ్చు కదా, ఆ తగ్గింపును మన ఖాతాలో వేసుకోకూడదని. పార్లరక్క గట్టిగా "అయ్యయ్యో, నా నూనె!" అంది. క్లాసంతా తిరిగి చూసింది. నూనె రాసుకోనివాళ్లకి కూడా జుట్టు వచ్చేస్తుంది కదా! తన చెల్లెలికి వచ్చింది కదా, దానికి నూనె వాసనే పడదు. నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు మేడమ్, ఇకనుంచి పోలిక బృందం గురించి చెప్పాల్సి వస్తే నీ నూనే చెప్తానన్నారు. ఇంట్లో ఇక చూడాలి తన ప్రతాపం. టీవీలో పళ్ల పేస్టు ప్రకటన వస్తే "పోలికేదీ?" ఎదురింటావిడ నిద్ర పట్టే మాత్ర గురించి చెప్తే "పోలికేదీ?" కూతురు చివరికి తల్లి ఫోన్ నంబరును ‘పోలికేదీ’ అనే పేరుతో దాచుకుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే మొగుడు మాత్రం, "నేను చెయ్యి పెట్టాక చల్లబడింది, దీనికి పోలికెందుకే" అన్నాడు. "కరెంటు సరిగ్గా వచ్చి చల్లబడిందేమో చూశావా?" అంది. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి దణ్ణం పెట్టాడు. కానీ బయట స్నేహితుల దగ్గర మాత్రం మా ఆవిడకి పరిశోధనలు తప్పుపట్టడం వచ్చు అని చెప్పుకుని తిరుగుతున్నాడట, కూతురు చెప్పింది.

లోపల ఎవరో నవ్వారు, మాస్టారు ఏదో జోకు వేసి ఉంటారు, ఆయన జోకులకి ఆయనే ముందు నవ్వుతారు. అంటే సగం అయినట్టే. పార్లరక్క సంచీలోకి చెయ్యి పెట్టి చల్లగా తగిలిన క్లిప్పును తడిమింది, ఏ రంగుదో చూడలేదు. చివరి పరీక్షకి ఇచ్చిన పేపరు తెల్ల ముక్కలతోనే వచ్చింది అందరికీ వచ్చినట్టే. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లకి ఒక కౌన్సెలర్ చేసిన పని గురించి. పోయినవాళ్ల వస్తువేదైనా ఒకటి తెచ్చుకోమంటారు, కళ్లజోడో, గొడుగో, చెప్పులో, దాన్ని పట్టుకుని దాని గురించి మాట్లాడమంటారు, మనిషి గురించి కాదు, వస్తువు గురించే, మాట్లాడగా మాట్లాడగా మనిషి తనంతట తనే వస్తాడు. కొన్ని వారాలయ్యాక ప్రశ్నల కాగితం నింపించారు, నిద్ర పడుతోందా, పనులు చేసుకోగలుగుతున్నారా, దుఃఖం తగ్గిందా అని. ఇంకా పిలుపు రాక ఎదురుచూస్తున్నవాళ్లకీ అదే కాగితం. పోలిక బృందం ఉందన్నమాట! పార్లరక్క ఆ చోట పక్కన పెద్ద టిక్కు పెట్టింది. మధ్యలో మానేసినవాళ్ల గురించి కూడా దాచకుండా రాశారు, ఇంకో టిక్కు. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లకి బాధ బాగా తగ్గిందని తేలింది, తేడా కొట్టొచ్చినట్టుంది. మంచి పేపరు, శుభ్రమైన పేపరు, ఏం రాయాలిరా దేవుడా అనుకుంటూ మళ్లీ మొదటికొచ్చింది.

మూడోసారి చదువుతున్నప్పుడు దొరికింది. పార్లర్‌లోనే, ఒకావిడకి తలకి రంగు వేసి అది ఆరేలోగా చదువుతోంది. ఎలా చేశారో చెప్పే భాగంలో, ఎవరూ ఆగని చోట, ఒక అర వాక్యం. చివరి ప్రశ్నల కాగితాన్ని ‘ఆఖరి సమావేశం ముగిసిన వెంటనే కౌన్సెలర్ గదిలోనే, కౌన్సెలర్ సమక్షంలో పూర్తి చేయగా’ అని ఉంది, ఎదురుచూసేవాళ్లకేమో పోస్టులో పంపారు, ఇంట్లో కూర్చుని నింపి తిప్పి పంపారు. అప్పుడే రంగు వేయించుకున్నావిడ తల కడిగించుకుని కుర్చీలో కూర్చుంది, పార్లరక్క అలవాటుగా చిన్న అద్దం తీసుకుని తల వెనక పట్టుకుంది, "బావుందా?" అంది, ఆవిడ "ఆఁ, చాలా బావుందక్కా" అంది. పార్లరక్క చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో, ఇంతమందిలో, అద్దం పట్టుకుని నిలబడిన తన మొహం చూస్తూ బాలేదన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? లేరు. నచ్చనివాళ్లు ఇంటికెళ్లి చున్నీ కప్పుకుంటారు, మళ్లీ రారు, అంతే. ఆ గదిలో ఆ మనుషులు, వారాల తరబడి తమ ఏడుపంతా విన్న మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మనిషి చేతి కాగితం తీసుకుని, బాధ తగ్గలేదని ఎలా రాస్తారు? అంత ఓపిగ్గా విన్నందుకైనా తగ్గిందని రాస్తారు! ఎదురుచూసేవాళ్లు ఇంట్లో, ఒంటరిగా, మొహమాటం లేకుండా రాస్తారు. ఆ తేడాలో కొంత కౌన్సెలింగ్ వల్ల వచ్చిందేమో, కొంత ప్రేమ వల్ల వచ్చిందేమో, ఎంత ఏదో ఈ పేపరుతో చెప్పలేం. రంగు వేయించుకున్నావిడ "ఏంటక్కా, ఏమన్నా తేడాగా వచ్చిందా?" అని జుట్టు తడుముకుంది. "లేదమ్మా, లేదు, నాకు దొరికింది" అని గట్టిగా నవ్వేసింది పార్లరక్క. ఛాతీ ఉప్పొంగడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది, ఆవిడకి తల ఆరబెట్టడం కూడా మర్చిపోయింది.

అలా రాసింది ఎర్ర క్లిప్పుది. ఈ పద్ధతి పనిచెయ్యదని రాయలేదు, ఆ తేడా తనకిప్పుడు తెలుసు, పనిచెయ్యదనడం వేరు, పనిచేస్తుందని ఇంకా తేలలేదనడం వేరు. కూతురికి చదివి వినిపిస్తే, "అమ్మా, నువ్వే రాశావా?" అంది, కళ్లు పెద్దవి చేసుకుని, వెక్కిరింపు లేకుండా. ఆ ఒక్క మాటకి ఈ చదువంతా గిట్టుబాటైపోయింది. అంతా బానే ఉంది, నిన్న మధ్యాహ్నం లెక్కల మాస్టారు ఫోన్ చేసేదాకా. ఆయన లైబ్రరీలో వేరే దేనికోసమో వెతుకుతుంటే ఈ పేపరు తగిలిందట, తెల్ల ముక్కలు లేకుండా. "పార్లరక్కా, నీకు పడ్డ పేపరు ఎవరిదో తెలుసా? మేడమ్‌ది. ఆవిడ చేసిన పెద్ద పరిశోధన అదొక్కటేనట. మన సెంటర్‌లో నడుస్తున్న పద్ధతే అది, మనకింకా నేర్పలేదంతే." పార్లరక్క ఫోన్ పెట్టేసి, వచ్చినవాళ్లని పంపించేసి, పార్లర్ కుర్చీలో తనే కూర్చుంది. ఆ కౌన్సెలర్ గది తనకి తెలుసు. ఆ గదిలో కుర్చీలు, కిటికీ పక్కన టీ ఫ్లాస్కు, ఎవరైనా ఏడిస్తే మేడమ్ మాట్లాడకుండా పక్కకు జరిపే గ్లాసు, అన్నీ తెలుసు. అలాంటి మనిషి ఆఖరి రోజున వాళ్లని ఒంటరిగా వదిలి బయటికెళ్లలేకపోయుంటుంది, రాస్తూ రాస్తూ ఏడుస్తారేమోనని పక్కనే కూర్చుని ఉంటుంది. మనసున్నవాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటు అది. దాన్ని పట్టుకుని, బయటివాళ్ల ముందు, ఆవిడ మొదటి వరుసలో ఉండగా, ఆవిడ ఇచ్చిన చదువుతోనే ఆవిడని నిలదీయడమా? అలా పుట్టింది నీలం క్లిప్పుది. అందులో ఆ అర వాక్యం లేదు. పోలిక బృందం ఉంది, మానేసినవాళ్ల లెక్క ఉంది, ఇంకొంచెం ఎక్కువమందితో చేసి ఉంటే ఇంకా బావుండేదనే చప్పటి మాట ఉంది. చదివితే ఎవరికీ నొప్పి తగలదు. పాసైపోతుంది కూడా, ఆ సంగతి తనకి తెలుసు, అదే గొంతులో ముల్లులా ఉంది.

ఎందుకు ముల్లు? అందరూ సంతోషంగా ఉంటే తనకేం నొప్పి? పార్లరక్క కూలర్ వైపు చూసింది, గుమాస్తా వెళ్లిపోయాడు, గ్లాసు బోర్లించి ఉంది. నొప్పేంటంటే, రేపు తన దగ్గరికీ మనుషులొస్తారు. పాసైతే తనకీ ఒక గది ఇస్తారు, ఇద్దరు కూర్చునే గది, అక్కడికి మొగుడు పోయినావిడ కళ్లజోడు పట్టుకుని వస్తుంది, తను మేడమ్ పేపర్లో ఉన్నట్టే చేస్తుంది, చేశాక అది నిజంగా మేలు చేసిందో, తన మొహం చూసి బావుందక్కా అంటోందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న తనకి దొరికింది. ఇంకెవరికీ దొరకలేదు, తనకే దొరికింది! అంత గర్వంగా దొరికినదాన్ని తీసుకెళ్లి నీలం క్లిప్పు కింద దాచేస్తే, ఇక తనని తను ఏ అద్దంలో చూసుకోవాలి? ఇంకో సంగతి కూడా ఉంది, ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నా పట్టుకోని సంగతి. ఆ అర వాక్యం ఎవరు రాశారు? మేడమే. రాయకుండా ఉండొచ్చు. రాయకపోతే ఎవరికి తెలిసేది? కాగితాలు ఎక్కడ నింపారో చూడ్డానికి ఎవరొచ్చారు? ఎలా చేసిందో అలా రాసేసింది మహాతల్లి, రేపెవరో వచ్చి వెతుక్కుంటారని తెలియకుండానే, తన తప్పును పట్టుకోవడానికి తనే పిడి అందించింది. ఇలాంటి మనిషి దగ్గరా నేను చదువుకున్నది, అనుకుంది పార్లరక్క, గుండె నిండిపోయింది.

చప్పట్లు వినిపించాయి. తలుపు తెరుచుకుంది, లెక్కల మాస్టారు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "అయిపోయింది పార్లరక్కా, ఇక నీదే, లోపలివాళ్లు టీ తాగుతున్నారు, కాస్త ఆగి వెళ్లు" అని నీళ్ల వైపు నడిచారు. ఆయన వెనకే మేడమ్ వచ్చారు. ముందు జుట్టును ఎప్పట్లాగే రెండు వైపులా పిన్నులతో పైకి పెట్టి ఉన్నారు, చదివేటప్పుడు కళ్లలో పడుతుందని ఎప్పుడూ అంతే. వచ్చి బెంచీ మీద పక్కనే కూర్చున్నారు.

"భయంగా ఉందా?"

"మేడమ్, అది మీ పేపరని నాకు తెలిసిపోయింది."

మేడమ్ ఆశ్చర్యపోలేదు. "ప్రతి ఏడూ నాది కూడా ఆ కుప్పలో పడేస్తానమ్మా. తెలియనంతసేపూ జాగ్రత్తగా చదువుతారు. తెలిసిన మరుక్షణం నెత్తిన పెట్టుకుంటారు. ఇప్పటిదాకా అంతే జరిగింది." "నీకేం దొరికింది?"

అద్దం వెనక నిలబడేది తనే ఎప్పుడూ. ఇప్పుడు కుర్చీలో తనుంది, ఎదురుగా తనకి ప్రాణమైన మనిషి మొహం ఉంది, చాలా బావుంది మేడమ్ అన్న మాట నాలుక చివరే ఉంది, ఎంత తేలిక, ఎంత హాయి. పార్లరక్క సంచీలో చెయ్యి పెట్టి ఎర్ర క్లిప్పును గట్టిగా పట్టుకుంది.

"ఆఖరి కాగితాలు మీ గదిలో, మీ ఎదురుగా నింపించారు మేడమ్. మిగతావాళ్లు ఇంట్లో నింపారు. మీ ఎదురుగా కూర్చుని తగ్గలేదని ఎవరు రాస్తారు? నేనైనా రాయను."

మేడమ్ కళ్లు ఎక్కడో ఉన్నాయి, బహుశా ఆ గదిలో, ఆ ఫ్లాస్కు దగ్గర, ఒకరి తర్వాత ఒకరుగా ఆ మొహాల దగ్గర. అయిపోయింది, మేడమ్‌ని పోగొట్టుకున్నాను అనుకుంది పార్లరక్క. మేడమ్ నెమ్మదిగా చేతులెత్తి రెండు పిన్నులూ తీశారు. ముందు జుట్టు, ఇన్నాళ్లకి కూడా పొడుగు సరిపోని ఆ జుట్టు, నుదుటి మీదికీ కళ్లమీదికీ పడింది.

"నువ్వు ఆ రోజు అద్దం పట్టుకుని అడిగావు గుర్తుందా, బావుందా అని? చాలా బావుందన్నాను." జుట్టు సందులోంచి చూశారు. "బాలేదు. ఆ రోజు నుంచీ పిన్నులే. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

పార్లరక్క తన ఎన్నదగ్గ కటింగ్‌ను దగ్గర్నుంచి చూసింది, నిజమే, ఎడమవైపు హెచ్చుతగ్గుగా ఉంది, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, నీళ్ల దగ్గర మాస్టారు ఏమైందా అని తిరిగి చూసేంత నవ్వు. "నా జుట్టు మీద జరిగింది కూడా నాకు తెలుసు కదమ్మా," అన్నారు మేడమ్ కళ్లు తుడుచుకుంటూ, "అయినా నా పేపర్లోనూ అదే జరిగిందని నాకు తట్టలేదు. నీకు తట్టింది." ఆ ‘నీకు’లో ఉన్న గర్వం తల్లి గొంతులో కూడా ఎప్పుడూ వినలేదు పార్లరక్క.

లోపలి నుంచి పిలిచారు. పార్లరక్క ఎర్ర క్లిప్పు కట్ట తీసుకుని లేచింది. నీలంది సంచీలోనే ఉండిపోయింది. మేడమ్ లేవలేదు, సంచీని తన ఒళ్లోకి లాక్కున్నారు.

"మీరు రారా మేడమ్?"

"నేను మొదటి వరుసలో కూర్చుంటే వాళ్లంతా నా మొహం చూసి మాట్లాడతారు. నువ్వు కూడా. నేనిక్కడే ఉంటాను. తలుపు దగ్గరగా వేసుకో."

పార్లరక్క లోపలికెళ్లి తలుపు వేసింది, సందు లేకుండా. బోర్డు ముందు నిలబడింది. మొదటి వరుసలో మధ్య కుర్చీ ఖాళీగా ఉంది. క్లిప్పు తీసి జుట్టుకి పెట్టుకుంది.

"నమస్కారమండీ," అంది, ఎక్కాలు చెప్పిన గొంతుకు తీసిపోకుండా. "ముందుగా, ఈ పేపర్లో నేను గర్వపడే అర వాక్యం ఒకటుంది, అది చదువుతాను."